ఓడ దిగిన మనవాళ్లు

పందొమ్మిదో శతాబ్దంలో తెరచాప ఓడలెక్కి సముద్రం దాటిన తెలుగు కూలీలు అవతలి ఒడ్డున ఎలా దిగారు, వాళ్లను ఎవరు లెక్కించారు, ఆ లెక్కల్లో ఇప్పటికీ ఏం మిగిలింది?

మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ పక్కన ఒక కొండ ఉంది. దాన్ని సిగ్నల్ కొండ అంటారు. రేడియోలు లేని రోజుల్లో సముద్రం మీద ఎక్కడో ఒక తెరచాప కనబడగానే ఆ కొండ మీద జెండాలు లేచేవి. వస్తున్నది ఎలాంటి ఓడో, ఏ వైపు నుంచి వస్తోందో ఊళ్లోవాళ్లు వాటిని చూసి తెలుసుకునేవారు. మద్రాసు నుంచో, కలకత్తా నుంచో కూలీల ఓడ వస్తోందంటే రేవులో కదలిక మొదలయ్యేది. చెరకు కోతకు మనుషులు చాలక ఎదురుచూస్తున్న తోటల వాళ్లకు ఆ తెరచాపే కబురు.

ఓడలో ఉన్నవాళ్లకు ఆ జెండాలు ఏం చెబుతున్నాయో తెలియదు. నెలకు పైగా నీళ్లు తప్ప మరొకటి చూడని కళ్లకు ముందుగా కొండకొమ్ములు కనిపించేవి, ఆ తర్వాత పచ్చగా చెరకు తోటలు. ఆ మనుషుల్లో గోదావరి లంకల వాళ్లున్నారు. విశాఖపట్నం, గంజాం, బందరు, నెల్లూరు ప్రాంతాల వాళ్లున్నారు. చంకలో బిడ్డతో వచ్చిన తల్లులున్నారు. భర్త పోయాక ఊళ్లో బతుకు దొరక్క వచ్చిన ఆడవాళ్లున్నారు. మగ్గం ఆగిపోయిన నేతగాళ్లు, సెంటు భూమి లేని రైతుకూలీలు ఉన్నారు.

1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది భారతీయులు కంట్రాటు కూలీలుగా మారిషస్‌లో దిగారు. ఎక్కువమంది బీహార్, బెంగాల్ వైపు వాళ్లే. మూడో వంతు మాత్రం మద్రాసు రాజధాని నుంచి వెళ్లినవాళ్లు. అంటే తమిళులు, మనవాళ్లు. ఈ వలసను మనం స్వాతంత్ర్యానికి ముందరి చరిత్రలో ఒక పక్క వాక్యంగా చదివి వదిలేశాం. అది అన్యాయమని నా అభిప్రాయం. ఆ మనుషులకు ముఖాలున్నాయి, పేర్లున్నాయి, ఊళ్లున్నాయి. వాటిలో చాలా భాగం రాతలో భద్రంగా ఉంది కూడా.

యానాం నుంచి పదిహేను మంది

ఈ కథకు మొదలు మన గోదావరి మొగలోనే ఉంది. 1828లో ఫ్రెంచివారి యానాం నుంచి 'లా టుర్క్వాజ్' అనే ఓడ పదిహేను మందిని రీయూనియన్ దీవికి చేర్చింది. అప్పట్లో ఆ దీవి పేరు బోర్బన్. అక్కడ బానిసత్వం ఇంకా చట్టబద్ధంగానే నడుస్తోంది. మరో ఇరవై ఏళ్లకు, 1848లో గానీ అది రద్దు కాలేదు. బానిసలు పనిచేస్తున్న తోటల్లోకే ఈ పదిహేను మందీ కూలీ ఒప్పందం మీద వెళ్లారు. ఫ్రెంచి కాగితాల్లో వీళ్లను 'తెలింగా'లని రాశారు.

మారిషస్‌లో ఏటా నవంబరు 2న సెలవు. 1834లో ఆ రోజున 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి ముప్ఫై ఆరు మంది కూలీలను తెచ్చింది కాబట్టి దాన్ని వలస కూలీల రాక దినంగా జరుపుకుంటారు. ఆ పండుగ న్యాయమైనదే. అయితే అంతకు ఆరేళ్ల ముందే, ఆ దీవికి పొరుగు దీవిలో తెలుగువాళ్లు ఓడ దిగారన్న సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

యానాం పదిహేను మంది వెనకే ఇంకా ఓడలు కదిలాయి. రెండు మూడేళ్లలో ఆ దీవికి చేరిన భారతీయ కూలీల సంఖ్య మూడు వేలు దాటింది. వాళ్ల అనుభవం చేదు. రాసుకున్న జీతం చేతికి రాలేదు, చెప్పిన తిండి పెట్టలేదు, బానిసలపై ఆడిన కొరడా వీళ్ల మీదా ఆడింది. ఫిర్యాదులు పెరిగాయి. చాలామంది తిరుగుముఖం పట్టారు. ఆ ప్రయత్నం కొన్నాళ్లకే చతికిలబడింది. కానీ తోటల యజమానులు ఒకటి నేర్చుకున్నారు. బానిసలు చేజారితే కోరమాండల్ తీరం నుంచి మనుషుల్ని తెచ్చుకోవచ్చునని.

ఆ పాఠం మారిషస్‌ను ఏలుతున్న బ్రిటిషు వాళ్లకు వెంటనే అవసరపడింది. 1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. పాత బానిసలు ఇంకొన్నాళ్లు అదే యజమాని దగ్గర 'అప్రెంటిసు'లుగా పనిచేయాలన్న షరతు కూడా 1839లో తొలగింది. విడుదలైన వాళ్లలో చాలామంది తోటల మొహం చూడలేదు. చెరకు మాత్రం ఎవరికోసమూ ఆగదు. అందుకే తెరచాపలు ఇటు తిరిగాయి.

కోరంగి రేవు

ఇవాళ కోరంగి అంటే మడ అడవులు, చెక్క వంతెనల మీద నడక, పడవ షికారు. తాళ్లరేవు పక్కనున్న ఈ ఊరు ఒకప్పుడు తూర్పు తీరంలో పేరున్న రేవు. సముద్రం నుంచి కాస్త లోపలికి, గోదావరి పాయ మీద ఉండటంతో ఓడలకు ఆసరా దొరికేది. పెద్ద ఓడల్ని ఒడ్డుకు చేర్చి బాగుచేసేవారు. కొత్త ఓడలు కట్టేవారు. వడ్రంగులు, కళాసీలు, తెరచాప కుట్టేవాళ్లు, తాళ్లు పేనేవాళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లనిండా ఉండేవారు. ఇక్కడి నావికులు బర్మాకు, సింహళానికి వెళ్లివస్తుండేవారు. సముద్రం దాటితే కులం పోతుందన్న భయం పెద్ద కులాల ఇళ్లలో ఉందేమో గానీ, రేవు ఊళ్లలో సముద్రమే బతుకుతెరువు.

అందుకే బర్మాలోనూ, మారిషస్‌లోనూ తెలుగువాళ్లకు 'కోరంగీలు' అన్న పేరు స్థిరపడింది. శ్రీకాకుళం నుంచి వచ్చినా, నెల్లూరు నుంచి వచ్చినా అదే పేరు. 1843లో మారిషస్‌కు తెలుగువాళ్లను తెచ్చిన ఒక ఓడ పేరే 'కోరింగా పాకెట్'.

జనం ఎందుకు ఓడెక్కారన్నదానికి జవాబు కోసం ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువును మన పెద్దలు డొక్కల కరువన్నారు. గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. శవాలను ఎత్తే దిక్కు లేని రోజులవి. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, ముగిసింది 1852లో. అంతకు ముందు గోదావరి డెల్టా ఇప్పుడు మనం చూసే అన్నపూర్ణ కాదు. ఒక ఏడు వరద, మరో ఏడు ఎండ. మిల్లు బట్ట దిగుమతితో నేతగాళ్ల పొట్ట కొట్టినట్టయింది. వీటన్నిటి మీద 1839 నవంబరులో వచ్చిన తుఫాను కోరంగిని ఊడ్చేసింది. నలభై అడుగుల ఉప్పెన వచ్చిందని, మూడు లక్షల మంది పోయారని ఇప్పటికీ రాస్తుంటారు. ఆ అంకె నిజానికి ఎంత దగ్గరో చెప్పలేం. రేవు మాత్రం ఆ తర్వాత మునుపటిలా లేవలేదన్నది నిజం. నదిలో మేట వేసింది, పెద్ద ఓడలు కాకినాడ వైపు మళ్లాయి.

వెళ్లినవాళ్లందర్నీ మోసం చేసి ఎక్కించారని ఒక్క మాటలో తేల్చడం నాకు ఇష్టం లేదు. దళారులు అబద్ధాలు చెప్పారు, అది వాస్తవం. దూరం చెప్పలేదు, పని ఎంత కఠినమో చెప్పలేదు. ముందు డబ్బు చేతిలో పెట్టి కట్టిపడేశారు. కానీ కంట్రాటు ముగించుకుని తిరిగొచ్చినవాళ్లు తమ ఊళ్ల నుంచి తమవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లిన ఉదాహరణలూ చాలానే ఉన్నాయి. మారిషస్ పత్రాలను ఏళ్ల తరబడి చదివిన చరిత్రకారిణి మరీనా కార్టర్ ఈ విషయాన్ని గట్టిగా చూపించారు. ఆకలికీ ఆశకీ మధ్య నిలబడి నిర్ణయం తీసుకున్న మనుషులు వాళ్లు. ఆ నిర్ణయాన్ని వాళ్ల దగ్గర్నుంచి లాగేసుకుంటే మనమూ వాళ్లను సరుకుగానే చూసినట్టవుతుంది.

మసూలా పడవ దాకా

వలస కూలీల ఇక్కట్లు బయటపడి, గొడవ చెలరేగి, 1839లో ప్రభుత్వం ఈ ఎగుమతిని ఆపేసింది. 1842లో కొత్త చట్టంతో మారిషస్‌కు మళ్లీ దారి తెరిచింది. ఈసారి కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవుల నుంచే వెళ్లాలన్నారు. ప్రతి రేవులో ఒక అధికారి ఉండి, ఇష్టపడే వెళుతున్నారా అని అడగాలి. డాక్టరు చూడాలి. అలా తెలుగు జిల్లాల వాళ్ల ప్రయాణం మద్రాసు మీదుగా సాగింది.

మద్రాసుకు అప్పట్లో హార్బరు లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. మధ్యలో భయంకరమైన అలలు. వాటిని దాటించడానికి మసూలా పడవలుండేవి. మేకులు లేకుండా, కొబ్బరి పీచు తాళ్లతో పలకల్ని కుట్టి చేసిన పడవలవి. అల కొట్టినప్పుడు చెక్క విరగకుండా వంగుతుంది. సముద్రం ఎరగని మెట్ట ఊళ్ల మనుషులకు, పొత్తిళ్లలో పిల్లల్ని పెట్టుకున్న ఆడవాళ్లకు, మొదటి సముద్ర ప్రయాణం ఓడలో కాదు, ఆ పడవలో. అది ఎగిరెగిరి పడుతుంటే లోపలికి నీళ్లు చిమ్మేవి. ఓడ పక్కకు చేరాక నిచ్చెనెక్కాలి. అప్పటికి మెడలో తగరపు బిళ్ల పడిపోయి ఉంటుంది. దాని మీద అంకె.

రెండడుగుల వెడల్పు

1864 చట్టం ప్రకారం ఓడలో పెద్దవాళ్లు ఒక్కొక్కరికి 72 ఘనపుటడుగుల చోటివ్వాలి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. పదేళ్లలోపు పిల్లలు ఇద్దరైతే ఒక పెద్ద కింద లెక్క. పై తట్టుకూ సరుకు గదికీ మధ్యనున్న తట్టే వీళ్ల ఊరు, వీధి, ఇల్లు. ముందు భాగంలో ఒంటరి మగవాళ్లు, నడుమ కుటుంబాలు, వెనక ఒంటరి ఆడవాళ్లు. కింద బియ్యం బస్తాలు. ఆ ఓడలు మనుషులతో పాటు వాళ్లు తినే బియ్యాన్నీ మారిషస్‌కు మోసుకెళ్లేవి, ఎందుకంటే అక్కడ పండేది చెరకు.

తిండి జాబితాలు కాగితాల మీద చూస్తే బాగానే ఉంటాయి. బియ్యం, పప్పు, నెయ్యి, ఎండుచేప, చింతపండు, ఉల్లి, మిరపకాయలు, పసుపు, ఉప్పు, పొగాకు. వంట పై తట్టు మీదే. గాలివాన వచ్చి పొయ్యి వెలిగించలేని రోజుకని అటుకులు ఉంచేవారు. మద్రాసు ఓడల్లో బియ్యమే తిండి కాబట్టి, గోధుమకు అలవాటుపడ్డ ఉత్తరాది వాళ్లు పడ్డ అవస్థ మనవాళ్లు అంతగా పడలేదు. కులాల వారీగా వంటవాళ్లను పెట్టే ప్రయత్నమూ జరిగింది. అయినా నెల తిరిగేసరికి ఒకే బానలో వండిన అన్నం ఒకరి పక్కన ఒకరు కూర్చుని తినక తప్పలేదు. ఓడ నేర్పిన ఆ పంక్తి భోజనం మీద మన సంఘ సంస్కర్తలు ఇంకా నోరు తెరవని కాలమది.

తెరచాప ఓడ ప్రయాణం ఇన్ని రోజులని ముందే చెప్పలేం. మద్రాసు నుంచి మారిషస్‌కు మామూలుగా ఐదారు వారాలు. భూమధ్యరేఖ దగ్గర గాలి పడిపోతే ఓడ కదలదు. తెరచాపలు వేలాడిపోతాయి, తట్టు కింద ఉక్క భరించలేరు, నీళ్లు కొలిచి పోస్తారు. దాన్ని దాటి ఆగ్నేయపు గాలులు అందుకున్నాక ఓడ పరుగు తీస్తుంది. ఆ గాలులే మారిషస్‌కు తోస్తాయి. సాయంత్రాలు పై తట్టు మీద డప్పు కొట్టుకుని పాడుకోవచ్చని అధికారులు ప్రోత్సహించేవారు. దిగులుతో మంచం పట్టకుండా అదొక మందని వాళ్ల నమ్మకం.

అయినా చావు వెంటే ఉండేది. కలరా, మశూచి, విరేచనాలు, పిల్లలకు తట్టు. 1856-57లో కలకత్తా నుంచి వెస్టిండీస్ దీవులకు వెళ్లిన ఓడల్లో సగటున వందకు పదిహేడు మంది దారిలోనే చనిపోయారు. ఐదారు వారాల మద్రాసు దారిలో చావులు అంతకంటే బాగా తక్కువ. కానీ తక్కువ అన్నది లెక్క రాసేవాడికి ఊరట. గోనెలో కుట్టి సముద్రంలోకి జారవిడిచిన బిడ్డ తల్లికి కాదు. పుట్టుకలూ ఉండేవి. ఓడలో పుట్టిన పిల్లలకు ఓడ పేరే పెట్టిన సందర్భాలున్నాయి.

దిగనివ్వని ఒడ్డు

కొండ కనిపించిందంటే ప్రయాణం అయిపోయినట్టు కాదు. ముందు ఆరోగ్యాధికారి పడవలో వచ్చి ఓడెక్కేవాడు. దారిలో ఎందరు పోయారు, ఇప్పుడెవరికి జబ్బు అని అడిగేవాడు. కలరా అనుమానముంటే పసుపు జెండా ఎత్తాల్సిందే. ఊరు ఎదురుగా కనబడుతున్నా అడుగు పెట్టకూడదు. దీవికి ఉత్తరాన కానోనియే మొన, ఫ్లాట్ ఐలండ్, గేబ్రియల్ ఐలండ్. ఇవీ ఎడంగా ఉంచే చోట్లు.

గేబ్రియల్ దీవిలో 1856 జనవరిలో జరిగింది తలుచుకుంటే ఈ రోజుకీ మనసు కుదుటపడదు. కలకత్తా నుంచి 'హైదరీ', 'ఫతే ముబారక్' అనే రెండు ఓడలు వచ్చాయి. కలరా భయంతో పోర్ట్ లూయీ వణికిపోతోంది. రెండేళ్ల క్రితమే, 1854లో ఆ ఊరు కలరాకు వేల మందిని పోగొట్టుకుంది. ఓడల్లోని ఆరేడు వందల మందినీ గేబ్రియల్ దీవిలో దింపేశారు. దింపారనడం కంటే పారేశారనడం న్యాయం. నీడనిచ్చే చెట్టు లేదు, సరైన పాకలు లేవు, మంచినీళ్లు చాలవు, సముద్రం అల్లకల్లోలంగా ఉండి పడవలు సరిగ్గా రాలేదు. కొన్ని వారాల్లో దాదాపు మూడు వందల మంది అక్కడే చనిపోయారు. వాళ్లందరూ కలరాతో పోయారని రాసుకోవడం ఆ రాతగాళ్లకు సులువు. ఎండ, వాన, దప్పిక, నిర్లక్ష్యం కూడా చంపాయి. ఈ వార్త తెలిసి భారత ప్రభుత్వం మారిషస్‌కు కూలీల ప్రయాణాలను ఆపేసింది. తగిన వసతి కట్టాకే మళ్లీ అనుమతించింది.

ఇప్పుడు ఆ దీవికి పర్యాటకుల పడవలు వెళతాయి. తెల్ల ఇసుక, నీలం నీళ్లు, మధ్యాహ్నం చేప వేపుడు. వెళ్లండి, చూడండి, తప్పులేదు. ఆ ఇసుక కింద ఎవరున్నారో తెలిసి వెళ్లండి.

పదహారు మెట్లు

జబ్బు లేదని తేలిన ఓడ నుంచి జనాన్ని పడవల్లో త్రూ ఫాన్ఫరాన్ అనే చోటికి చేర్చేవారు. 1849లో అక్కడ ఇమ్మిగ్రేషన్ డిపో నిర్మాణం మొదలైంది. నీళ్ల అంచు నుంచి పైకి పదహారు రాతి మెట్లు. ఆ మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. దాన్నే ఆప్రవాసీ ఘాట్ అంటున్నారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఎన్నో రాజమహళ్లున్న ఆ జాబితాలో కూలీలు నడిచిన మెట్లకు చోటు దొరకడం గొప్ప సంగతి.

మెట్లెక్కగానే గేటు కాపలాదారు గది, ఆసుపత్రి, పాకలు, వంటశాల, స్నానాల చోటు. ఊగే ఓడకు అలవాటుపడిన కాళ్లు రాతి నేల మీద తూలేవి. స్నానం, వేడి అన్నం. ఆ తర్వాత గుమాస్తా ముందు వరస. పేరేంటి? తండ్రి పేరు? కులం? వయసు? ఎత్తు? ఒంటి మీద గుర్తులు? ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ ఊరు? దుబాసీ ద్వారా వచ్చిన జవాబును గుమాస్తా తనకు వినబడినట్టు ఇంగ్లిషులో రాసుకునేవాడు. వెంకటస్వామి, అప్పయ్య, సూరమ్మ వంటి పేర్లు ఒక్కో గుమాస్తా చేతిలో ఒక్కో రూపం తీసుకున్నాయి. ఇంటిపేరు మొదట చెప్పే మన పద్ధతి వాళ్లకు అర్థం కాలేదు. తండ్రి పేరే కొడుక్కి ఇంటిపేరైపోయింది. కుటుంబానికి తరతరాలుగా ఉన్న ఇంటిపేరు ఆ మెట్ల దగ్గరే జారిపోయింది.

దానికి బదులు ఒక నెంబరు వచ్చింది. జీతం పుస్తకంలో, ఆసుపత్రిలో, కోర్టులో ఆ నెంబరే మనిషి. 1860ల నడిమి నుంచి ఫోటోలు కూడా తీశారు. ఆ ఫోటోల ఉద్దేశం తప్పించుకుని పోయేవాణ్ని పట్టుకోవడమే. కానీ అదే కారణంగా, మన జమీందారుల ఫోటోలు కూడా అరుదైన రోజుల్లో, నిరుపేద తెలుగు కూలీల ముఖాలు చరిత్రలో నిలిచిపోయాయి. కెమెరా వైపు సూటిగా చూస్తారు వాళ్లు.

డిపోలో ఉండేది రెండు రోజులు. ఆలోగా తోటల తరఫు సర్దార్లు వచ్చి మనుషుల్ని ఎంచుకునేవారు. కలిసి వచ్చినవాళ్లు కలిసే వెళ్లాలని పట్టుబట్టేవారు. ఓడలో చాప పక్కన చాప వేసుకుని పడుకున్నవాళ్లు అప్పటికే అన్నదమ్ములయ్యారు, వదినామరదళ్లయ్యారు. కులం, ఊరు వేరైనా ఆ బంధం నిలిచింది. 1859 ఒక్క ఏడాదిలోనే నలభై వేల మందికి పైగా దిగారు. ఆ రోజుల్లో ఆ మెట్ల మీద ఎంత తొక్కిడి ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

దిగాక

మగవాళ్లకు తొలినాళ్లలో నెలకు ఐదు రూపాయలు, తిండి గింజలు, ఏడాదికి కాస్త బట్ట. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. జ్వరంతో పడుకున్నా కోసేవారు. 1850ల మొదట్లో తిరుగు ప్రయాణపు ఉచిత టిక్కెట్టు హక్కు కూడా తీసేశారు. కంట్రాటు ముగిసినవాళ్లు స్వేచ్ఛగా తిరగకుండా 1867లో పాసు చట్టం తెచ్చారు. ఫోటో అంటించిన పాసు జేబులో లేకపోతే దేశదిమ్మరి కింద జైలు. సరిగ్గా అవే రోజుల్లో మలేరియా దీవిని ఊపేసి వేల ప్రాణాలు తీసింది.

వీళ్లు నోరు మూసుకుని పడి ఉన్నారనుకోకండి. 1871లో అడాల్ఫ్ డి ప్లెవిట్జ్ అనే తోట యజమాని కూలీల తరఫున గవర్నరుకు ఒక విన్నపం తయారు చేశాడు. దాని మీద 9,401 మంది కూలీలు సంతకాలో, గుర్తులో పెట్టారు. పాసు లేకుండా రోడ్డు మీద నడిస్తే పట్టుకునే కాలంలో ఊరూరా తిరిగి అన్ని వేల గుర్తులు సేకరించడమంటే మాటలు కాదు. తోటల వాళ్లు ప్లెవిట్జ్ మీద దాడి చేశారు. అయినా 1872లో లండన్ నుంచి రాయల్ కమిషన్ రాక తప్పలేదు. ఆ కమిషన్ నివేదిక కూలీలు చెప్పింది చాలావరకు నిజమేనని తేల్చింది.

దక్షిణాఫ్రికాలోనూ ఇదే వరస. 1860 అక్టోబరు 12న మద్రాసులో బయలుదేరిన 'ట్రూరో' ఓడ నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. దిగినవాళ్లకు పాకలు కూడా సరిగ్గా సిద్ధం కాలేదు. 1911 వరకు, డర్బన్ రేవున్న నేటాల్‌కు వెళ్లిన లక్షా యాభై రెండు వేల మందిలో మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి వెళ్లినవాళ్లే. వాళ్లలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1871లో తిరిగొచ్చిన మొదటి జట్టు మద్రాసులో దిగి, తమకు జరిగిన అన్యాయమంతా అధికారులకు చెప్పింది. ఆ ఫిర్యాదుల వల్లే నేటాల్ ప్రభుత్వం విచారణ సంఘం వేయాల్సి వచ్చింది. 1874 దాకా ఒక్క ఓడ కూడా కదలలేదు. చదువురాని కూలీల నోటిమాట ఒక సామ్రాజ్యపు ఓడల్ని అన్నాళ్లు కదలనివ్వలేదంటే ఆ మాటకున్న బలం అర్థం చేసుకోవాలి.

1880ల తర్వాత ఆవిరి ఓడలు ఈ పనిని మెల్లగా అందుకున్నాయి. రోజులు తగ్గాయి, చావులు తగ్గాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫిజీ వెళ్లిన తెలుగువాళ్లు ఎక్కువగా ఎక్కింది ఆవిరి ఓడలే.

ఆ కాగితాల్లో మన ఊళ్లు

మారిషస్‌కు వెళ్లినవాళ్లలో మూడో వంతుకు పైగా ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి వచ్చారు. మిగిలినవాళ్లు అక్కడే చిన్న చిన్న చెరకు చెలకలు కొనుక్కుని, గుడి కట్టుకుని ఉండిపోయారు. మారిషస్‌లో సింహాద్రి అప్పన్న పేరుతో మందిరాలున్నాయి. రామభజనలున్నాయి, అమ్మోరి పండుగ ఉంది. ఉగాదికి ఆ దేశం ప్రభుత్వ సెలవిస్తుంది. బడుల్లో తెలుగు చెబుతారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఇంట్లో మాట్లాడేది క్రియోల్ అయినా, పెళ్లిలో పాట తెలుగులోనే కావాలంటారు.

వలస రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇనిస్టిట్యూట్‌లో ఉన్నాయి. యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పత్రాల్లో చేర్చింది. ముత్తాత నెంబరు చేతిలో పట్టుకుని వచ్చినవాళ్లకు అక్కడ పేరు, ఓడ, తేదీ, జిల్లా, ఊరు దొరుకుతాయి. చిక్కు ఎక్కడంటే, ఆ ఊరి పేరు నూట యాభై ఏళ్ల క్రితం ఒక గుమాస్తా చెవికి వినబడిన తీరులో ఉంటుంది. జిల్లాలు మారాయి, తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, కొన్ని ఊళ్లు గోదావరిలో కలిసిపోయాయి. ఆ ముక్కను చదివి, ఇది ఫలానా లంక, ఇది ఫలానా అగ్రహారం, ఇది తీరంలో ఫలానా పేట అని చెప్పగలిగేది లండన్‌లోని పండితుడు కాదు, పోర్ట్ లూయీలోని ఉద్యోగి కాదు. ఆ మండలంలో పుట్టి పెరిగిన మనిషి.

మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు ఇక్కడ ఒక చెయ్యి వేయాలి. ఆ రిజిస్టర్లలోని తెలుగు జిల్లాల ఊళ్ల జాబితాను తెప్పించి, పాత రెవెన్యూ రికార్డులతో సరిచూసి, నేటి పేర్లతో అచ్చు వేయాలి. కోరంగి, తాళ్లరేవు, యానాం బడుల్లో ఈ పాఠం మొదట చెప్పాలి, ఎందుకంటే ఆ ఓడలు కదిలింది ఆ పిల్లల పెరటి నీళ్ల నుంచే.

పాఠకులకూ ఒక విన్నపం. మీ కుటుంబంలో ఓడెక్కి వెళ్లి మళ్లీ రాని ముత్తాత గురించో, అతని కోసం చివరిదాకా ఎదురుచూసిన ముత్తవ్వ గురించో ఒక్క మాట వినిపించినా దాన్ని వదిలేయకండి. ఇంట్లో ముసలివాళ్లు ఉండగానే అడగండి. పేరు, ఇంటిపేరు, ఊరు, వెళ్లిన కాలానికి గుర్తుగా చెప్పే కరువో తుఫానో, అన్నీ రాసి పెట్టండి. సముద్రానికి అవతల సరిగ్గా ఆ వివరాల కోసమే వెతుకుతున్నవాళ్లున్నారు.